పందిరి గుంజకు చుట్టిన నెట్టు

కాలర్ టీషర్టు వేసుకుని, మెడలో కార్డు ఊపుకుంటూ, గడప గడపకీ వెళ్లి "మీ ఇంట్లో నెట్టు స్పీడెంత సార్?" అని అడిగే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మీకోసం రాస్తున్నాను. మీ చేతిలో ట్యాబుంది, అందులో మ్యాపుంది, నెత్తిన కంపెనీ గొడుగుంది. మాకు ఉన్నవి రెండే. భుజాన వైరు చుట్ట, నోట్లో నాలుక. వైరు ఎంత పొడుగున్నా ఒక చోట అయిపోతుంది. నాలుకకు ఆ ఇబ్బంది లేదు.

ఇప్పుడు నేను ఇదే ఊళ్లో, హుజూరాబాద్‌లో, పిండి గిర్ని నడుపుతున్నాను. మోకాళ్లు మేడలు ఎక్కలేమని మొండికేస్తే ఆ పని వదిలేశాను. జొన్నలు పట్టించుకోవడానికి వచ్చినవాళ్లు పిండి సంచీలో పడ్డాక కూడా కదలరు. "గా పెండ్లి ముచ్చట చెప్పు" అంటారు. ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెబుతానని నా మీద నింద ఉంది. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను. కాగితం మీద పెట్టాక మార్చడం కుదరదు కాబట్టి, పెంచాల్సినంత ముందే పెంచి రాస్తున్నాను.

మాది ఊరి కంపెనీ. మొదట టీవీ కేబులు ఇచ్చేవాళ్లం, తరువాత అవే మేడల మీదుగా నెట్టు వైరు లాగాం. ఓనరుతో సహా కంపెనీ మొత్తాన్ని ఒక ఆటోలో ఎక్కించవచ్చు. చాలా కాలం ఊళ్లో నెట్టంటే మేమే. నడిచినా మాదే, నడవకపోయినా మాదే. అంత సుఖంలో ఉండగా ఒకనాడు బస్టాండు ముందర గళ్ల గొడుగు ఒకటి మొలిచింది. గొడుగు కింద బల్ల, బల్ల మీద పట్నం నుంచి దిగిన పెద్ద కంపెనీ కరపత్రాలు, బల్ల వెనక నా పాత దోస్తు.

అతన్ని నేను మియా అంటాను, నన్నతను భాయ్ అంటాడు. ఆదిలాబాద్ వైపు బోథ్‌లో మేమిద్దరం ఒకే గదిలో ఉండి, పత్తి చేలకు అడ్డంగా వైర్లు లాగినవాళ్లం. ఆ ఇంటి ఓనరమ్మ సగం మరాఠీ, సగం తెలుగు కలిపి తిట్టేది. తెలుగు సగం నేను తీసుకునేవాణ్ణి, మిగతాది మియా తీసుకునేవాడు. బోథ్ చలికి ఒక పొద్దున వైరులో వెలుతురు గడ్డకడితే, మియా చాయ్ గ్లాసు ఆనించి దాన్ని కరిగించాడు. ఈ మాట నమ్మనివాళ్లున్నారు. వాళ్లు బోథ్ చలి చూడనివాళ్లు.

"ఏంది మియా, గొడుగు కిందికి పోయినవ్?" అన్నాను.

"ఎండ కొడుతుంది భాయ్. నువ్వు గూడ రా. టీషర్టు ఫ్రీ."

"నా సైజు దొరకది."

"నీకు దొరుకుతది. నీ నాలుకకే దొరకది."

ఆ రోజు నుంచి ఊళ్లో యుద్ధం. మేము ఒక నెల ఉచితమంటే వాళ్లు రెండు నెలలనేవాళ్లు. మేము స్టీలు డబ్బా ఇస్తే వాళ్లు ప్లాస్టిక్ బకెట్టు ఇచ్చేవాళ్లు. జనం బకెట్టు తీసుకుని అందులోనే మా డబ్బా పెట్టుకునేవాళ్లు. రిటైరైన సారు ఒకాయన నెలకొక కంపెనీ మార్చి, ఎవరి నెట్టు పెట్టెనూ తిరిగి ఇవ్వక, అన్నిటినీ వరండా గోడకు వరసగా బిగించుకున్నాడు. సాయంత్రమయ్యేసరికి ఆ గోడంతా ఎర్రగా, పచ్చగా మిణుకుమంటుంటే, ఊరికి కొత్తగా వచ్చిన పూలమ్మే ఆమె గుడి అనుకుని చెప్పులు విడిచింది. చౌరస్తాలో వైర్లు ఎంత దట్టంగా పెరిగాయంటే, కాకులు ఎగరడం మానేసి నడిచి వెళ్లేవి. ఇది మాత్రం కొంచెం పెంచాను.

మా ప్రాణమంతా మార్కెట్ యార్డు వెనక ఉన్న ఒక గల్లీలో ఉండేది. ప్రతి ఇంటి నుంచీ ఒక మగమనిషి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న గల్లీ అది. శుక్రవారం అక్కడి వాళ్లకు సెలవు. ఆ రోజు గల్లీ అంతా ఫోను ముందే వండుకుంటుంది, ఫోను ముందే తింటుంది, ఫోను ముందే కొట్లాడుకుంటుంది. కానీ చుట్టూ యార్డు గోదాముల రేకులు. సెల్లు సిగ్నలు ఒక గీత వచ్చి, మన మొహం చూసి, వెళ్లిపోతుంది. కాబట్టి వాళ్లకు వైరు తప్ప గతి లేదు. మాకు వాళ్లు తప్ప గతి లేదు.

ఆ గల్లీకి పెద్ద దిక్కు ఒక ముసలవ్వ. ఆమె ఏ కంపెనీ అంటే గల్లీ ఆ కంపెనీ. ఆమె కొడుకు మస్కట్‌లో క్రేను నడిపేవాడు. ఆయన కూతురికి, అంటే ముసలవ్వ మనవరాలికి, పెళ్లి కుదిరింది. లగ్నం దగ్గర పడ్డాక ఆయన సెలవు ఆగిపోయింది. అక్కడి యజమాని పాస్‌పోర్టు చేతికివ్వలేదు. పెళ్లి ఆపడానికి లేదు, ఆయన రావడానికి లేదు.

ముసలవ్వ మమ్మల్నిద్దరినీ పిలిపించింది. మేమిద్దరం అరుగు మీద ఒకే చాపకు చెరో చివరన కూర్చున్నాం.

"ఇనుండ్రి. నా కొడుకు రాడు. వాని మొఖం రావాలె. అప్పగింతలు వాడే చెయ్యాలె. ఇద్దరు వైర్లు గుంజుండ్రి, పందిట్ల రెండు టీవీలు వెడతం. అప్పగింతలప్పుడు ఎవని టీవీల నా కొడుకు మొఖం నిలవడకుండ ఉంటదో, గల్లీ వానిది."

మొహం నిలబడటమంటే మీకు తెలుసు. మాట్లాడుతున్న మనిషి నోరు తెరిచినది తెరిచినట్టే బొమ్మలా ఆగిపోవడం. గల్ఫు గల్లీలో అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

"నిలవడితే అవ్వా?" అని మియా అడిగాడు.

"నిలవడినోడు మళ్ల గీ గల్లీల అడుగు వెట్టొద్దు."

ఓనరుకు చెబితే ఆయన కుర్చీలోంచి లేవకుండానే, "గా గల్లీ పోతే షట్టర్ దించుడే. నీకు ఆరామ్, నాకు ఆరామ్," అన్నాడు. ఆ మాట అన్నవాడి మొహంలో ఆరామ్ ఏమీ లేదు.

వైరు లాగే రోజు ముసలవ్వ కింద నిలబడి పని చూస్తోంది. మా ఊళ్లో కోతులు వైర్లను కొరికేవి. అది అందరికీ తెలిసిన బాధే.

"కోతులు కొరికితే ఏం జేస్తవు?" అంది.

నేను మేడ మీద ఉన్నాను. ఎత్తు మీద ఉన్న మనిషికి మాట కూడా ఎత్తుగానే వస్తుంది.

"మా వైరును కొరకయి అవ్వా. వేపనూనెల నానవెట్టి, పసుపు వట్టించి తీస్తరు. పోయినేడు ఒక కోతి మూతి వెట్టింది. గప్పటిసంది శనివారం శనివారం ఒక్కపొద్దుంటుంది."

ఎదుటి మేడ మీద తన వైరు బిగిస్తున్న మియా ఊరుకుంటాడా?

"అవ్వా, మా వైరుల వెలుతురు జర్మనీ వెలుతురు. విమానంల వస్తది."

"గట్లనా," అంది ముసలవ్వ ఇద్దరికీ కలిపి. ఆమె ఎవరి మాట నమ్మిందో ఆ రోజు తెలియలేదు. తెలిసుంటే నేను నోరు మూసుకునేవాణ్ణని మాత్రం అనుకోకండి.

ఇక్కడ పని సంగతి ఒక్కటి చెప్పాలి, లేకపోతే తరువాతి కథ అర్థం కాదు. ఈ వైరులో నడిచేది కరెంటు కాదు, వెలుతురు. వెడల్పుగా తిప్పితే బుద్ధిగా తిరుగుతుంది. సన్నగా, బిగుతుగా చుట్టితే అక్కడే కారిపోతుంది. ఇంకొకటి, వైరు లాగేవాడు ఇంటి దగ్గర కొంత మిగులు వైరును చుట్ట చుట్టి మేకుకు తగిలించి వదులుతాడు. రేపు తెగితే పనికొస్తుందని. నేను కూడా ముసలవ్వ మేడ మీద చేతినిండా పట్టేంత చుట్ట వదిలాను. ఆ రోజు నా పనితనానికి నేనే మురిసిపోయాను.

పెళ్లికి ముందు రోజు పందిట్లో రెండు టీవీలు పెట్టి, వాటి మీద చెరొక కెమెరా బిగించి సరిచూశాం. మస్కట్‌లో ఆయన రెండు ఫోన్లు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఒకటి మా వైరుకు, ఒకటి మియా వైరుకు. ఎడమ టీవీలో ఒకాయన "అవ్వా, మంచిగున్నవా?" అన్నాడు. ఆ మాట పూర్తయ్యాక కుడి టీవీలో ఇంకొకాయన "అవ్వా, మంచిగున్నవా?" అన్నాడు. ముసలవ్వ ఇటు చూసి జవాబు చెప్పి, అటు తిరిగి మళ్లీ చెప్పింది.

"ఇద్దరు కొడుకులను కన్నట్టున్నది," అంది. "ఒకడు జర మందం."

ఆ మందకొడి కొడుకు మా టీవీ వాడా, మియా టీవీ వాడా అని మేమిద్దరం చీకటి పడేదాకా వాదించుకున్నాం.

పెళ్లి రోజు పొద్దున నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని పందిట్లో అడుగు పెట్టేసరికి, మా టీవీ నల్లగా ఉంది. మా పెట్టె మీద ఎర్ర లైటు. మియా టీవీలో ఆయన కొత్త చొక్కాతో, నెత్తికి నూనె రాసుకుని, గది దోస్తుల మధ్య పెళ్లికొడుకులా మెరుస్తున్నాడు. మియా నా దగ్గరకు వచ్చి ఎంతో మర్యాదగా, "భాయ్, చాయ్ తాగినవా?" అన్నాడు. ఓడిపోయినవాణ్ణి అలాగే పలకరిస్తారు.

మేడెక్కాను. పైదాకా వైరు బాగుంది. మేకు ఉంది. మేకుకు ఉండాల్సిన చుట్టలో సగం లేదు. అక్కణ్ణుంచి వైరు పిట్టగోడ దాటి కిందికి దిగింది. దాన్ని చేత్తో తడుముకుంటూ వెళితే పందిట్లోకి, పందిట్లో నుంచి ముందరి గుంజ దగ్గరికి చేరాను. ఆ గుంజకు మా వైరు, చీరకొంగు నడుముకు చుట్టినట్టు, పైనుంచి కిందిదాకా బిగుతుగా చుట్టి ఉంది. చుట్టు చుట్టుకీ మామిడాకు. పైన పసుపు బట్టతో ముడి. ముడికి కుంకుమ బొట్టు.

"అవ్వా, గిదేంది?"

"నువ్వే చెప్పితివి గద," అంది ముసలవ్వ. "వేపనూనె, పసుపు అంటివి. పందిరికి దిష్టి తాకొద్దని నేనే సుట్టిన. మిగిలింది ఉత్తగనే మేకుకు ఏలాడుతుంటే మస్తు పనికొచ్చింది."

"ఇప్పాలె అవ్వా. బిగుతుగ సుడితే నెట్టు రాదు."

"పందిరి గుంజకు గట్టినది పదారు రోజుల పండుగ దాక ఇప్పరు కొడుకా."

"అయితే మీదికెళ్లి కోసి వేరే వైరు వెడత."

వంకాయలు తరుగుతున్న ఆడవాళ్ల చేతులు ఆగాయి.

"నా మనవరాలి పందిరికి కత్తెర వెడతవా?" అంది ముసలవ్వ.

వేపనూనె లేదూ పాడూ లేదు అని నిజం చెప్పేద్దామని ఒక్క క్షణం అనిపించింది. అలాంటి ఆలోచనలు నాకు ఎక్కువసేపు నిలవవు. అయినా చెప్పి లాభమేంటి? ముడి పడింది, బొట్టు పడింది. అది ఇప్పుడు వైరు కాదు, పందిరి.

మియా నవ్వి నవ్వి, నిలబడలేక బియ్యం సంచి మీద కూలబడ్డాడు. "భాయ్, గా కోతికి చెప్పు, ఇయ్యాల గూడ ఒక్కపొద్దుండమను," అన్నాడు.

అతను ఇంకా నవ్వుతుండగానే పెళ్లికొడుకు ఊరేగింపు గల్లీలోకి తిరిగింది. ముందు డీజే బండి, వెనక బ్యాండు మేళం. బండి మీద డబ్బాలు, డబ్బాల మీద లైట్లు, లైట్ల మీద ఎవరి సంతోషం కోసమో ఇంకో ఇనప స్తంభం. మియా వైరు ఎదుటి మేడ నుంచి గల్లీకి అడ్డంగా వచ్చింది. ఇనప స్తంభం దాన్ని అందుకుంది. బండి ఆగలేదు. వైరు ఒక మేడ నుంచి ఊడింది, ఇంకో మేడ నుంచి ఊడింది, పెళ్లికొడుకు దోస్తుల గుంపు మీద పడింది. వాళ్లు అదీ తమ మర్యాదకే అనుకుని మెడలో వేసుకుని ఆడారు. జర్మనీ వెలుతురు డీజే బండి వెనక ఊరేగింపుగా వెళ్లిపోయింది.

రెండో టీవీ కూడా నల్లబడింది.

నేను వెళ్లి బియ్యం సంచి మీద అతని పక్కన కూర్చున్నాను. "మియా, చాయ్ తాగినవా?" అన్నాను.

అతని వైరు మళ్లీ లాగాలంటే స్తంభాల నుంచి మొదలుపెట్టాలి. సాయంత్రం అవుతుంది. మేము తలలు పట్టుకుని కూర్చుని ఉండగానే పందిట్లో తాళి కట్టేశారు, తలంబ్రాలు కూడా అయిపోతున్నాయి. అయ్యగారు అప్పగింతలకు పాలు తెమ్మంటున్నారు.

ముసలవ్వ రెండు నల్లటి టీవీల మధ్య నిలబడింది. గల్లీ పోతుందని మాకు భయం. ఆమె గల్లీ సంగతే మరిచిపోయింది.

"నా కొడుకేడి?" అంది, మమ్మల్ని కాదు, టీవీని. పీటల మీద ఉన్న పెళ్లికూతురు ఆ మాట విని తల ఎత్తింది. తలంబ్రాల బియ్యం అంటుకున్న ఆ మొహం చూశాక నాకు నవ్వులాట పోయింది. ఇలాంటివి నేను పెంచి రాయలేను, ఉన్నంతే రాస్తున్నాను.

మియా లేచాడు. వెళ్లి గుంజ మీద చెయ్యేసి, వైరును వేలితో మీటి చూశాడు.

"భాయ్, ముడి ఇప్పొద్దన్నది. కొయ్యొద్దన్నది. వదులు చెయ్యొద్దనలే గద?"

"మియా, ఇది మా వైరు. నడిస్తే గల్లీ నీ చేతులకెళ్లి పోతది."

"బోథ్‌ల నీ చలికోటు నేను తొడుక్కున్న దినాలు యాదికున్నయా? నోరు మూసుకొని మీదికి పో. మిగులు వైరు కిందికి ఇడువు."

తరువాత అతను ముసలవ్వ వైపు తిరిగాడు. "అవ్వా, ముడి గట్లనే ఉంటది. బొట్టు గట్లనే ఉంటది. సుట్లు జర వదులు చేస్తం. బిగుతు గాజు తీసి వదులు గాజు ఏసుకున్నట్టు."

ముసలవ్వ అయ్యగారి వైపు చూసింది. అయ్యగారు చేతి గడియారం వైపు చూశాడు. "శాస్త్రంలో నెట్టు గురించి లేదమ్మా. లేనిదానికి దోషం కూడా లేదు. కానివ్వండి," అన్నాడు.

నేను మేడ మీద నుంచి మిగిలిన చుట్టంతా వదిలాను. మియా కింద లాగాడు. గుంజను అంటిపెట్టుకున్న చుట్లు వదులై, గుంజ చుట్టూ పెద్ద వలయంలా తయారయ్యాయి. మా పెట్టె మీద ఎర్ర లైటు ఒకసారి పచ్చబడి, మళ్లీ ఎర్రబడింది. వదులైన వైరు కిందికి జారి మడతలు పడుతోంది. ప్లాస్టిక్ కుర్చీల వీపుకు తగిలించాం. కుర్చీ అంచు దగ్గర మళ్లీ మడత పడింది. బిందెలు పెట్టాం, జారింది. కింద పరిస్తే ఊరేగింపు వాళ్లు తొక్కుతున్నారు.

చివరికి మియా వైరును రెండు చేతుల మీదికి తీసుకుని పైకెత్తాడు. అతని మేరకు వైరు విల్లులా వంగింది. పచ్చ లైటు కాసేపు నిలిచింది.

"చేతులు కావాలె," అన్నాడు. "శానా చేతులు."

ముసలవ్వ ఒక్క కేక వేసింది. వంకాయలు వదిలి పిన్నులు వచ్చారు. మేనత్తలు వచ్చారు. గల్లీ ఆడవాళ్లు వచ్చారు. బ్యాండు మేళం నుంచి డప్పాయన డప్పు దింపి వచ్చాడు. నేను మేడ దిగి వచ్చాను. అందరం గుంజ చుట్టూ వలయంగా నిలబడి, రెండు చేతులూ తలకన్నా పైకెత్తి, బొటనవేలి మీద వైరు ఆనించి పట్టుకున్నాం. చీరల ఆడవాళ్లు, బ్యాండు కోటు, ఇస్త్రీ చొక్కా, కాలర్ టీషర్టు. కిందినుంచి పాలగిన్నె వెళ్లింది, పూలు వెళ్లాయి, ఎవరిదో చంటిపిల్ల పాకుకుంటూ వెళ్లింది.

పచ్చ లైటు నిలిచింది. టీవీలో ఆయన మొహం వచ్చింది. "అవ్వా, కట్టైంది, ఏమైంది?" అంటున్నాడు. మేము ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాం.

అప్పగింతలు మొదలయ్యాయి. మా వైపు పెళ్లికూతురి చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెడతారు. మస్కట్ గదిలో ఆయన కూడా ఒక స్టీలు గిన్నెలో పాలు పోసుకుని సిద్ధంగా ఉన్నాడు. చేతులు ముంచి, ఫోను వైపు చాచాడు.

"వదినా," అన్నాడు పెళ్లికొడుకు తల్లితో, "నా బిడ్డకు పొద్దుగాల లేవంగనే చాయ గావాలె. చాయ తాగకముందు అది ఏం మాట్లాడినా పట్టించుకోకుండ్రి. తాగినంక మంచి పిల్లనే."

పందిరంతా నవ్వింది. నవ్వుకు చేతులు ఊగి ఆయన మొహం ఒక్క క్షణం ఆగింది.

"నవ్వకుండ్రి," అని అరిచాడు మియా. "చేతులు, చేతులు."

నవ్వు ఆపుకున్నాం. అసలు కష్టం తరువాత వచ్చింది. పెళ్లికూతురు "బాపూ" అంది. ఆ ఒక్క మాటకు ఒక మేనత్త కొంగుతో కళ్లు తుడుచుకోబోయింది. ఆమె చెయ్యి దిగిందో లేదో టీవీలో ఆయన నోరు తెరుచుకుని ఆగిపోయాడు.

"ఏడ్వకుండ్రి," అంది ముసలవ్వ. "ఏడిస్తే నెట్టు పోతది."

అప్పగింతలప్పుడు ఏడవొద్దన్న ముసలమ్మను నేను అంతకు ముందు చూడలేదు, తరువాతా చూడలేదు. మేనత్త చెయ్యి ఎత్తింది, ఆయన కదిలాడు. ఇటు పక్క పిన్ని ముక్కు చీదబోయింది, ఆయన ఆగాడు. "ఏ పిన్నీ," అన్నారు అందరూ. పిన్ని చెయ్యి ఎత్తింది, ఆయన కదిలాడు. ఎవరి కన్నీళ్లు వాళ్ల బుగ్గల మీదుగా గడ్డం దాకా కారుతున్నాయి, తుడుచుకునే దిక్కు లేదు. డప్పాయన భుజానికి మొహం రుద్దుకుంటున్నాడు. పక్కవాళ్లను చూసి నవ్వొస్తోంది, టీవీ చూసి ఏడుపొస్తోంది, రెండిటికీ చెయ్యి దించడానికి లేదు. నా బుగ్గ మీద ఈగ వాలింది. దాన్ని అలాగే ఉండనిచ్చాను. అది ఈ పెళ్లికి వచ్చిన చుట్టమే అనుకున్నాను.

ఆయన పాల చేతులు చాచి, "ఇగో వదినా, నా బిడ్డ..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. చేతి చివరన పాల చుక్క కూడా గాలిలో ఆగిపోయింది.

"ఎవలు?" అని అందరం ఒకరినొకరు చూసుకున్నాం. పిన్నుల చేతులు పైనే ఉన్నాయి. మేనత్తల చేతులు పైనే ఉన్నాయి. దిగింది ముసలవ్వ చెయ్యి. ఏడవొద్దని అందరినీ కసిరిన ఆమె, మొహం మీద చెయ్యి కప్పుకుని నిలబడింది. ఆమెను ఎవరు అనగలరు?

పక్కనే ఉన్న మియా తన వంతు వైరంతా ఒక్క చేతి మీదికి మార్చుకున్నాడు. రెండో చెయ్యి ఆమె మోచేతి కింద పెట్టి, మెల్లగా పైకెత్తి, అలాగే పట్టుకున్నాడు.

పాల చుక్క రాలింది.

"...నా బిడ్డ ఇగ మీ బిడ్డ," అన్నాడు ఆయన. అత్తగారు ఇక్కడ ఆ పిల్ల చేతులు పట్టుకుంది. ఆయన అక్కడ గట్టిగా ఏడ్చేశాడు. మేము చేతులు దించలేదు. ఆయన ఏడ్చినంతసేపూ దించలేదు.

భోజనాలయ్యాక ముసలవ్వ మమ్మల్ని మళ్లీ అదే చాప మీద కూర్చోబెట్టింది. మియా తన గొడుగు మడిచి పక్కన పెట్టుకున్నాడు.

"నీ టీవీల నిలవడ్డది," అంది నాతో. "మస్తుసార్లు నిలవడ్డది. వీని టీవీల అస్సలు రాలే. ఉన్నదాండ్ల నీదే నయం. గల్లీ నీదే."

నేను లేచి దండం పెట్టబోయాను.

"ఆగు. వైరు మీది ఉంచుకుంటం. రిపేరుకు మాత్రం గీ మియా రావాలె. నువ్వు రావద్దు. నువ్వొస్తే మాట్లాడుతవు."

అప్పట్నుంచి మా వైరు చెడిపోతే ఎదుటి కంపెనీ మనిషి వచ్చి బాగుచేశాడు. ఇది పెంచి చెప్పానని మీరంటే ఆ గల్లీకి వెళ్లి అడగండి. టీషర్టు విప్పి సంచిలో పెట్టుకుని, గల్లీ దాటాక మళ్లీ తొడుక్కునేవాడు. వాళ్ల పెద్ద సారుకు తెలిసి పిలిచి అడిగితే, "ఖాళీ టైముల బంధువులింటికి పోయిన సార్," అన్నాడట. కొన్నాళ్లకు ఆ గొడుగు వదిలేసి మా దగ్గరికే వచ్చేశాడు.

తరువాతి ఏడాది ముసలవ్వ కొడుకుకు సెలవు దొరికింది. అప్పటికి నేను మేడలు వదిలి గిర్ని పెట్టుకున్నాను. ఒకనాడు పొద్దున గిర్నికి జొన్నలు పట్టించడానికి తానే వచ్చాడు. మియా అక్కడే చాయ్ తాగుతున్నాడు. ఆయన మా ఇద్దరినీ చూసి, జొన్నల సంచి దింపి, దగ్గరికి వచ్చాడు.

"అన్నా, గా దినం నేను ఏడ్వొద్దనే కూసున్న," అన్నాడు. "నా గది దోస్తులు చూస్తుండ్రి గద, ఇజ్జత్ పోతదని. ఇగ నా బిడ్డ ఎనక చూస్తే, అందరు రెండు చేతులు మీదికి లేపి నిలవడ్డరు. మా పిన్నులు, మేనత్తలు, మీరిద్దరు, ఎవలో బ్యాండు కోటాయన గూడ. నేను లేకుంటేమాయె, నా బదులు గిందరు చేతులెత్తి దీవిస్తున్నరు అనుకున్న. ఇగ ఆగలే."

ఆ సన్న వైరు ఆయన ఫోనులో కనబడనే లేదన్నమాట. నేను నోరు తెరిచాను. వేపనూనె నుంచి మొదలుపెడదామనుకున్నాను.

"దీవెనే అన్నా," అన్నాడు మియా నాకన్నా ముందు.

"మా దిక్కు గా రివాజు లేదు గద?"

"ఇప్పుడొచ్చింది," అన్నాడు మియా.

ఆయన పిండి సంచి సైకిలుకు కట్టుకుని వెళ్లిపోయాక మియా నా వైపు తిరిగాడు. "అవ్వ గల్లీ మొత్తానికి చెప్పింది భాయ్. వైరు ముచ్చట వాని చెవుల వెయ్యొద్దని. శుక్రవారం శుక్రవారం వాడు గా దీవెన ముచ్చటే చెప్పుకుంటడట. నీ ఒక్కనికే చెప్పలే. చెప్పినా నువ్వాగవని."

మరి ఇప్పుడు రాసేశావు కదా అంటారేమో. నాకు ఫికర్ లేదు. ఇది ఆయన చేతికి చేరినా, మొదటి పేజీలో నడిచే కాకుల దగ్గరే నవ్వుతాడు. పెండ్లి దగ్గరికి వచ్చేసరికి, "వీనికి పెంచుడు తప్ప ఏం రాదు, అందరు వైరు పట్టుకున్నరట," అని కాగితం పక్కన పడేస్తాడు. వాళ్లవ్వను అడిగితే ఆమె కూడా అదే అంటుంది.